ఆగిపోయిన చీలిక

మహాఖండాలు విడిపోయిన కథ చెప్పేవాళ్ళు ముందుగా ప్రపంచ పటం తీస్తారు. దక్షిణ అమెరికా తూర్పు అంచు ఆఫ్రికా పడమటి అంచులో ఎలా ఇమిడిపోతుందో చూపిస్తారు. 1912లో జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదులుతాయని సభ ముందు చెప్పాడు. ఆయన్ని ఆ ఆలోచన వైపు నెట్టింది కూడా ఆ తీరాల పోలికే. అందుకే ఇదంతా సముద్రం ఒడ్డున జరిగిన వ్యవహారం అనుకుంటాం. చెన్నై–బెంగళూరు హైవే పక్కన, లారీలు టీకి ఆగే నాట్రంపల్లికి దీంతో ఏం పని?

పని ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞుల పటాల్లో గుడియాత్తం నుంచి భవాని దాకా ఒక గీత కనిపిస్తుంది. ఈశాన్యం నుంచి నైరుతికి, దాదాపు 200 కిలోమీటర్లు. నాట్రంపల్లి ఆ గీతకి కూతవేటు దూరంలో ఉంటుంది. సుమారు 75–80 కోట్ల ఏళ్ళ కిందట ఈ గీత వెంట నేల సాగి, పగిలి, అడుగునుంచి శిలాద్రవం పైకి ఎగదన్నింది. అదే పని ఇంకొంత కాలం సాగితే మధ్యలో సముద్రం పుట్టేది, వాణియంబాడి రేవు పట్టణం అయ్యేది. సాగలేదు. చీలిక ఆగిపోయింది. ఆ ఆగిపోయిన చోటు చూద్దామనే బయల్దేరాను.

కుప్పం నుంచి జోలార్‌పేట వెళ్ళే రైలెక్కాను. ఈ దారి 1864 నాటిది. మద్రాసు వైపు నుంచి వచ్చే పట్టాలు బెంగళూరు పీఠభూమి ఎక్కింది ఇక్కడే. కుప్పం దాటాక మల్లానూరు, పచ్చూరు, సోమనాయకన్‌పట్టి. అంతా దిగుడు. కిటికీలోంచి మామిడితోటలు, కొబ్బరిచెట్లు, చెరువుగట్లు, వాటి మధ్య ఎవరో దొర్లించి వదిలేసినట్టున్న గుండ్లు కనిపిస్తాయి. ఆ గుండ్లు ఇక్కడి నేలకి పునాది. వయసు 250 కోట్ల ఏళ్ళకు అటూఇటూ. కుప్పానికి పడమట, కోలారు బంగారం దొరికిన శిలల వరుస ఇంకా పాతది. దాని దక్షిణ భాగం మన చిత్తూరు జిల్లాలోకి వస్తుంది, బిసానత్తం, చిగురుగుంట గనులు దాని మీదివే. అంటే మనం చెప్పుకోబోయే చీలిక నాటికే ఈ నేల పండు ముసలిది.

జోలార్‌పేట ప్లాట్‌ఫారం మీద దిగితే ఎదురుగా ఏలగిరి. పడమటి పక్కన నాట్రంపల్లి, తూర్పున కొండ. నాట్రంపల్లివాళ్ళకి రోజూ పొద్దు పొడిచేది ఈ కొండ వెనకనుంచే. నాట్రంపల్లిలో టీకి ఆగాను. హైవే పక్క టీ అంగడి పెద్దామె నేను తెలుగులో తడుముకోకుండా అడిగానని సంతోషపడింది. “మేమూ తెలుగోళ్ళమే నాయినా. ఇంట్లో మాట్లాడేది తెలుగే. రాసేది, చదివేది అరవం,” అంది. ఎక్కడికని అడిగితే ఏలగిరికన్నాను. “చూసేకా? అయితే పొన్నేరి కూట్రోడ్డులో బస్సు పట్టుకోండ. పనసపండ్ల కాలం కాదు గదా, ఇప్పుడు పైన ఏముంది?” రాళ్ళు చూడటానికని చెప్పాను. గ్లాసు కడుగుతూ ఆగి, “రాళ్ళేనా? కిందే ఉండాయి గదా ఇన్ని,” అంది.

ఆమె అన్నది చాలావరకు నిజం. కింద రాళ్ళకి కరువు లేదు. అయితే కింది రాయి వేరు, ఏలగిరి రాయి వేరు. ఆ తేడాలోనే సంగతంతా ఉంది.

ఏలగిరి ఘాట్ రోడ్డుకి 14 వంపులు. వంపులకి తమిళ కవుల పేర్లు, సంగకాలపు దాతల పేర్లు పెట్టారు. బస్సులో జనం ఆ బోర్డులు చదువుతూ ఫొటోలు తీస్తుంటారు. నేను ఒక వంపు దగ్గర దిగిపోయాను. కండక్టరు వద్దన్నాడు గానీ కొండని తొలిచి రోడ్డు వేసిన చోట్లలోనే రాయి లోపలి ముఖం కనిపిస్తుంది. బయట ఎండకీ వానకీ నల్లబడి, నాచు పట్టి ఉంటుంది. తొలిచిన చోట బూడిదరంగులో, అక్కడక్కడ లేత గులాబి జీరతో మెరుస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే గింజలు పెద్దవి, ఎక్కువగా ఫెల్డ్‌స్పార్. ఎండకి తిప్పితే వాటి నున్నటి తలాలు ఒక్కొక్కటిగా తళుక్కుమంటాయి. మధ్యమధ్య నల్లటి మచ్చలు. కానీ గ్రానైట్‌లో గాజు పెంకుల్లా కనిపించే పలుగురాయి గింజలు ఎంత వెతికినా దాదాపు దొరకవు. పలుగురాయి అంత తక్కువున్న ఈ జాతి శిలని సైనైట్ అంటారు. కింద జోలార్‌పేట చుట్టూ ఉన్న పాత శిలలు పొరలుపొరలుగా, చారలుచారలుగా నలిగి ఉంటాయి. దీనికి ఆ చారలు లేవు. ఆ నలుగుడంతా అయిపోయాక వచ్చిన రాయి ఇది.

దీని వయసు రుబీడియం–స్ట్రాన్షియం పద్ధతిలో తేల్చారు. రాయిలో ఒకరకం రుబీడియం పరమాణువులు నెమ్మదిగా స్ట్రాన్షియంగా మారుతుంటాయి. ఉన్నవాటిలో సగం మారడానికి దాదాపు 5 వేల కోట్ల ఏళ్ళు పడుతుంది. భూమి వయసు 450 కోట్ల ఏళ్ళ చిల్లరే కాబట్టి ఆ లెక్కలో భూమి పుట్టి ఎంతో కాలం కానట్టే. అయినా ఈనాటి యంత్రాలు ఆ కొంచెం మార్పునీ కొలవగలవు. ఏలగిరి సైనైట్‌కి తేలింది సుమారు 75 కోట్ల ఏళ్ళు. పొరుగునే ఉన్న సెవ్వాత్తూరు శిలలకీ ఆ దగ్గరి వయసే వచ్చింది.

ఆ కాలానికి భూమ్మీద జీవమంటే నీళ్ళల్లో బతికే సూక్ష్మజీవులూ నాచులూ. నేలమీద చెట్టు లేదు, పుట్టలో చీమ లేదు. అంతకుముందు, 110 నుంచి 90 కోట్ల ఏళ్ళ మధ్య, అప్పటి ఖండాల్లో అత్యధికం ఒకదాన్నొకటి గుద్దుకుని ఒకే ముద్దగా చేరాయి. ఆ ముద్ద పేరు రొడీనియా. దినోసార్ల కాలపు పాంజియా మనకి సినిమాల పుణ్యాన తెలుసు. రొడీనియా దానికి తాతముత్తాతల వరస. రొడీనియాకి ముందు కొలంబియా అని ఇంకొకటి ఉండేదని 2002లో జాన్ రోజర్స్, మన కేరళకి చెందిన ఎం. సంతోష్ ప్రతిపాదించారు.

ఇంత పెద్ద ఖండాలు ఎందుకు నిలవవు? భూమి లోపలి వేడి బయటికి పోవాలి. సముద్రాల అడుగున ఉన్న పలుచటి పెంకు గుండా ఆ వేడి తేలిగ్గా పోతుంది. దళసరి ఖండం వేల కిలోమీటర్ల మేర కప్పేస్తే కింద వేడి పేరుకుంటుంది. అడుగున మాంటిల్ అనే వేడి రాతిపొర పైకి ఉబ్బుతుంది, ఖండం సాగుతుంది. మహాఖండం అంచుల్లో సముద్రపు పలకలు కిందికి దిగబడుతూ బయటినుంచీ లాగుతుంటాయి. లోపలినుంచి ఎత్తు, బయటినుంచి లాగుడు. ఇక పగలడానికి కావలసింది ఒక బలహీనమైన చోటు.

ఆ బలహీనమైన చోటు సాధారణంగా కొత్తది కాదు. కెనడా శాస్త్రవేత్త టూజో విల్సన్ 1966లో వేసిన ప్రశ్న ఇదే: అట్లాంటిక్ ఒకసారి మూసుకుని మళ్ళీ తెరుచుకుందా? తెరుచుకుందనే తేలింది. ఖండాలు ఎక్కడ అతుక్కున్నాయో మళ్ళీ అక్కడో, ఆ పక్కనో విడిపోతాయి. గుడియాత్తం–భవాని గీత మీద దీనికి చక్కటి రుజువుంది. ధర్మపురి జిల్లా హొగెనక్కల్ దగ్గర కావేరి దూకే చోటికి సమీపంలో ఒక అరుదైన శిల ఉంది. దాని వయసు దాదాపు 240 కోట్ల ఏళ్ళు. అదే జాతి శిల సెవ్వాత్తూరులోనూ ఉంది. వయసు మాత్రం అందులో మూడోవంతు. 160 కోట్ల ఏళ్ళ తేడాతో భూమి లోపలి ద్రవం రెండుసార్లు ఒకే దారి పట్టింది. నాకు ఏలగిరి కంటే ఈ విషయమే ఎక్కువ వింతగా తోచింది.

ఏలగిరి పైన చెప్పుకోదగింది తక్కువ. దాదాపు 1,100 మీటర్ల ఎత్తు, చల్లగాలి, పుంగనూరు చెరువులో పడవలు, రిసార్టుల బోర్డులు. పనసచెట్లున్నాయి, పెద్దామె చెప్పినట్టే కాయలు లేవు. పడవ దగ్గర ఒక నాన్న తన పిల్లలకి ఇది పాత అగ్నిపర్వతం అని చెబుతున్నాడు. పూర్తిగా తప్పని అనలేం గానీ, మనం నిలబడే చోటు అగ్నిపర్వతం పైభాగం కాదు. ఇంత పెద్ద గింజలు కట్టాలంటే ద్రవం నేల అడుగున కిలోమీటర్ల లోతులో, తీరిగ్గా చల్లారి ఉండాలి. దాని మీద ఉన్న రాయంతా కోట్ల ఏళ్ళ వానలకి అరిగిపోయింది. ఆ వానలు మోసుకుపోయిన మన్ను ఎన్ని నదుల్లో, ఎన్ని సముద్రాల్లో పడిందో! పైన అగ్నిపర్వతం ఉండి ఉంటే అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు బోటింగ్ టికెట్లు అమ్మేది దాని నేలమాళిగలో.

సెవ్వాత్తూరు తిరుపత్తూరు దాటాక వస్తుంది. తిరుపత్తూరు సంగతి ఒకటి చెప్పాలి. ఈ తాలూకా 1911లో సేలం జిల్లా నుంచి ఉత్తర ఆర్కాటుకి మారింది. అదే ఏడు ఉత్తర ఆర్కాటులోంచి చిత్తూరు జిల్లా పుట్టింది. 1989లో ఉత్తర ఆర్కాటు రెండయింది. ఒక సగం తర్వాత వేలూరు జిల్లా అయింది. 2019లో వేలూరు మూడు ముక్కలైతే తిరుపత్తూరు సొంత జిల్లాగా నిలిచింది. ఇప్పుడు నాట్రంపల్లి ఇందులోనిదే. ఖండాలు నయం, కోటి ఏళ్ళయినా ఆగుతాయి.

తిరుపత్తూరులో ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు ఇంట్లో కన్నడం, బడిలో తమిళం, నాతో తెలుగు. ఈ పక్క అందరూ ఇంతే. “ఆ పొంగే రాయి కోసమా అన్నా? అప్పుడప్పుడు కాలేజీ పిల్లకాయలొస్తా ఉంటారు,” అన్నాడు. పొంగే రాయి వెర్మిక్యులైట్. తమిళనాడు ప్రభుత్వ ఖనిజ సంస్థ టామిన్ ఇక్కడ దాన్ని తవ్వుతుంది. అడుగునుంచి వచ్చిన ద్రవం పక్కనున్న నల్లటి శిలల్లో అభ్రకం పెంచింది. తర్వాత వాననీళ్ళు అందులోకి ఇంకి, ఆ అభ్రకాన్ని కొంచెం కొంచెంగా మార్చి వెర్మిక్యులైట్ చేశాయి. పొరల మధ్య నీటి అణువులు ఇరుక్కుని ఉంటాయి.

గనిలోకి అనుమతి ఉంటేగానీ పోనివ్వరు. దారి పక్క మట్టిలోనే బంగారు గోధుమరంగు రేకులు మెరుస్తున్నాయి. గోరంత రేకు ఒకటి ఏరి, చాకు మొన మీద పెట్టి, గుడియాత్తం అగ్గిపెట్టెలోంచి పుల్ల గీసి కింద పట్టాను. రెండు క్షణాలు ఏమీ కాలేదు. తర్వాత ఒక్కసారిగా రేకు ఒళ్ళు విరుచుకుని, నూనెలో వేసిన అప్పడంలా లేచి, పొరపొరా విడిపోయింది. రంగు కూడా వెలిసి లేత పసుపైంది. లోపలి నీరు ఆవిరై పొరల్ని తోసేసింది. ఊదితే ఎగిరిపోయేంత తేలిక. నర్సరీల్లో మొక్కల కుండీల్లో కలిపేదీ, వేడి దాటకుండా గోడల్లో నింపేదీ ఈ సరుకే. ఆటో డ్రైవరు నా దగ్గర అగ్గిపెట్టె తీసుకుని ఇంకో రేకు మీద పుల్లలు గీస్తూ కూర్చున్నాడు. ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టదట.

అసలు నేను వచ్చింది వెర్మిక్యులైట్ కోసం కాదు, దాని పక్కనున్న తెల్లటి రాయి కోసం. చూడటానికి సున్నపురాయిలా, కొన్నిచోట్ల పాలరాయిలా ఉంటుంది. సంచిలోంచి నిమ్మకాయ తీసి పిండితే సన్నటి బుడగలు కడుతుంది. సున్నపురాయి సముద్రం అడుగున గవ్వలూ బురదా పేరుకుని ఏర్పడుతుంది. ఇది ఏ సముద్రమూ చూడలేదు. మాంటిల్‌లో పుట్టిన శిలాద్రవంలోంచే ఈ కార్బనేట్లు వచ్చాయి. పేరు కార్బనటైట్. ఇందాక హొగెనక్కల్ దగ్గర చెప్పిన అరుదైన శిల ఇదే. ఇందులో ఎరువులకి పనికొచ్చే ఫాస్ఫేటు ఖనిజం ఉంటుంది, నియోబియం లోహాన్నిచ్చే పైరోక్లోర్ ఉంటుంది. ఖండాల కథ వెతికేవాడికి మాత్రం ఇది దొరికిన చోటు ముఖ్యం. ఖండం సాగినప్పుడు బొగ్గుపులుసు వాయువు దండిగా ఉన్న ద్రవం మాంటిల్‌లో చాలా లోతునుంచి కొద్దికొద్దిగా కరిగి పైకి వస్తుంది. అందుకే చీలుతున్న ఖండాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు అలా చీలుతున్నది తూర్పు ఆఫ్రికా. టాంజానియాలో ఓల్ డోయిన్యో లెంగాయ్ అనే కొండ ఉంది. ప్రపంచంలో ఈనాడు కార్బనటైట్ లావా కక్కే అగ్నిపర్వతం అదొక్కటే. మామూలు లావా వెయ్యి డిగ్రీల మీద ఎర్రగా మండుతుంటే, అది 500–600 డిగ్రీల దగ్గరే నల్లటి బురదలా పారుతుంది. గాలిలో తేమ తగిలి కొద్ది రోజుల్లో తెల్లబడిపోతుంది. సెవ్వాత్తూరులో మట్టిరోడ్డు మీద, వేరుశనగ చేను పక్కన నిలబడి దాన్ని ఊహించుకోవడం కష్టం. కానీ ఒకప్పుడు ఇక్కడి నేల కిందా ఆ జాతి ద్రవమే కదిలింది. ఏలగిరి, కొరట్టి, సెవ్వాత్తూరు, సామల్‌పట్టి వరుసగా ఆ గీత మీద గుచ్చినట్టుంటాయి.

ఇక్కడ నిపుణుల తగాదా ఒకటుంది. తగాదా పడినప్పుడే ఈ శాస్త్రం నాకు నచ్చుతుంది. రొడీనియాలో ఇండియా ఎక్కడ ఉండేది? చాలా పటాలు ఇండియాని అంటార్కిటికా పక్కన అతికిస్తాయి. విశాఖ, అరకు కొండల్లోని ఖోండలైట్ లాంటి శిలలకీ అంటార్కిటికాలో రేనర్ అనే ప్రాంతపు శిలలకీ రూపంలో, వయసులో దగ్గరి చుట్టరికం ఉండటమే దానికి ఆధారం. రాజస్థాన్‌లోని మలానీ లావాల్లో నిలిచిపోయిన పాత అయస్కాంత దిశలు కొలిచినవాళ్ళు వేరే మాటంటారు. అప్పటికి ఇండియా ఆ ముద్దలో ఇమిడి లేదని, ఉన్నా వేరే చోట ఉందని వాళ్ళ వాదం. మలానీ, సేషెల్స్, మడగాస్కర్ శిలలది కూడా ఏలగిరి కాలమే. అవి చీలిక వల్ల రాలేదు, ఖండం అంచున సముద్రపు పలక దిగబడటం వల్ల వచ్చాయని కొందరు లెక్క కట్టారు. ఏలగిరి వరుస సంగతి వేరు. ఆ శిలల రసాయనం, కార్బనటైట్ తోడుండటం, ఒకే గీత మీద ఉండటం చూసి దీన్ని ఖండం లోపల నేల సాగిన గుర్తుగానే ఎక్కువమంది తీసుకుంటారు. చేత్తో పట్టుకున్న రాయి చెప్పే సాక్ష్యం వైపే నేనూ మొగ్గుతాను.

రొడీనియా విడిపోయింది. ఆ కొత్త తీరాల మీద, కొత్త లావాల మీద వానలు కురిసి, రాళ్ళు శిథిలమై, గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకున్నాయి. సుమారు 72 కోట్ల ఏళ్ళ కిందట భూమధ్యరేఖ దాకా మంచు కమ్మేయడానికి అది ఒక కారణమని నమ్మేవాళ్ళు చాలామంది. తర్వాత ముక్కలు మళ్ళీ దగ్గరయ్యాయి. 55 కోట్ల ఏళ్ళ నాటికి ఇండియా, ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కలిసి గోండ్వానా అయ్యాయి. ఆ కలయికలో కావేరి, పాల్ఘాటు ప్రాంతమంతా నలిగి కాలింది. ఏలగిరికి దక్షిణాన ఇంత జరుగుతుంటే ఈ గీత మాత్రం మళ్ళీ తెరుచుకోలేదు.

గోండ్వానా పేరు మన పక్కింటి గోండుల నుంచి తీసుకున్నదే. 1872లో భారత భూగర్భ సర్వేకి చెందిన హెన్రీ మెడ్లికాట్ మధ్య భారతంలోని శిలలకి ఆ పేరు పెట్టాడు. తర్వాత ఆస్ట్రియాలో ఎడ్వర్డ్ సూస్ దాన్ని ఖండం మొత్తానికీ వర్తింపజేశాడు. ఆదిలాబాద్ నుంచి భద్రాచలం దాకా గోదావరి పట్టుకుని పోతే గోండ్వానాలో ఆగిపోయిన ఇంకో చీలిక కనిపిస్తుంది. అక్కడ నేల కుంగి పొడవాటి పల్లం అయింది. అందులో గ్లాసాప్టెరిస్ అనే చెట్ల అడవులు పెరిగి, కుళ్ళి, బొగ్గయ్యాయి. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర గుర్తించిన బొగ్గు, ఆ తర్వాతి సింగరేణి, అంతా ఆ పల్లం ఆస్తి. యామనపల్లి దగ్గర తవ్వితే దొరికిన కోటసారస్ అనే దినోసార్ ఎముకలు అక్కడి రాతి పొరల్లోవే. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. చీలిక పూర్తయి ఉంటే గోదావరి లోయలో సముద్రం ఉండేది, బొగ్గు బాయిలు ఉండేవి కావు. ఆగిపోయిన చీలికల వల్ల నష్టమే జరుగుతుందని చెప్పలేం.

పూర్తయిన చీలిక చూడాలంటే పాలారు పట్టుకుని పోవాలి. ఈ ఏరు కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, కుప్పం పక్కగా మన రాష్ట్రంలో కొద్ది దూరం నడిచి, పుల్లూరు దగ్గర తమిళనాడులోకి దిగుతుంది. వాణియంబాడి, ఆంబూరు మీదుగా పోతుంది. నేను చూసినచోట ఏరంటే ఇసుక, సర్కారు తుమ్మ, తోళ్ళ కార్ఖానాల వైపునుంచి వచ్చే వాసన. ఆంబూరులో వంకాయ కూరతో బిర్యానీ తిని ఆ వాసన మర్చిపోవాల్సి వచ్చింది. అదే పాలారు పల్లం చివర్లో, శ్రీపెరుంబుదూరు చుట్టుపక్కల, దినోసార్ల కాలపు మొక్కల ముద్రలున్న రాళ్ళున్నాయి. సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట ఇండియా తూర్పు అంచు అంటార్కిటికా నుంచి విడిపోతూ కుంగినప్పుడు ఆ పల్లాల్లో పేరుకున్న బురద అది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఇవాళ గ్యాస్ తీస్తున్న పల్లం కూడా ఆ చీలిక సంతానమే. అక్కడ చీలిక ఆగలేదు. నీళ్ళొచ్చాయి. మనకి బంగాళాఖాతం వచ్చింది.

ఆ తర్వాత జరిగింది వేగంగా జరిగింది. దాదాపు 9 కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ విడిపోయింది. 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ లావాలు పొంగి, కొన్ని రాజమండ్రి దాకా పారాయి. ఇండియా ఒంటరిగా ఉత్తరానికి పరిగెత్తింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లు దాటిన వేగం అది. పలకలకి అది పరుగే. ఎందుకంత వేగమని అడిగితే హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, జర్మనీవాళ్ళతో కలిసి, 2007లో ఒక జవాబిచ్చారు: మన పలక పలుచన. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల కింద పలక 180 నుంచి 300 కిలోమీటర్ల మందం ఉంటే, ఇండియా కింద 100 కిలోమీటర్లే ఉంది. గోండ్వానాని పగలగొట్టిన వేడి అడుగుభాగాన్ని కరిగించేసిందని వాళ్ళు చెప్పారు. 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాని గుద్దుకున్నాక వేగం తగ్గింది, ప్రయాణం ఆగలేదు. హైదరాబాద్‌లో స్థిరంగా పాతిన జీపీఎస్ స్టేషను ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. నాట్రంపల్లి టీ అంగడీ అంతే.

నేనూ ఈశాన్యం పట్టాను. గీత ఆ కొస గుడియాత్తంలో తేలుతుంది గదా. అగ్గిపెట్టెలు, బీడీలు, లుంగీలు ఆ ఊరి పనులు. ఒక లుంగీల అంగట్లో కూర్చుంటే, చిత్తూరు బస్సుకి ఇంకా టైముందని యజమాని మాటల్లోకి దించాడు. ఇంటి భాష తెలుగే. నేను ఏ పనిమీద తిరుగుతున్నానో చెబితే వెంటనే భూకంపం ఎత్తాడు. 2021 నవంబరు చివర్లో వేలూరు పక్క 3.6 తీవ్రతతో భూమి అదిరింది. డిసెంబరులో మళ్ళీ అదిరింది. గుడియాత్తం, పేర్ణాంబట్టు పల్లెల్లో కొన్ని గోడలు బీటలిచ్చాయి. “అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి సార్. మా అమ్మ దేవుడి పటం పట్టుకోని వీధిలోకొచ్చేసింది. రెండోసారికి మేమే ముందు పరిగెత్తినాం.”

ఉత్తరాన హిమాలయాల దగ్గర తోపులాట నడుస్తుంటే ఆ ఒత్తిడి పలకంతా పాకుతుందని, లోతట్టు ప్రాంతాల్లో అది పాత పగుళ్ళ వెంట కాస్త కాస్త సర్దుకుంటుందని, ఇంత చిన్నవాటికి ఖండాలు చీలవని చెప్పాను. గోండ్వానా, రొడీనియా చెబితే ఓపిగ్గా విన్నాడు. ఆయన్ని పట్టింది గీత ఒక్కటే.

“అయితే మళ్ళీ చీలేదుంటే మా ఊరు ఏ పక్కకి పోతుంది?”

“గీత కొస ఈ పక్కనే. ఊరు రెండవ్వచ్చు.”

లుంగీ మడత పెడుతూ లెక్క వేశాడు. “అంగడి తూర్పు తట్టు. ఇల్లు పడమటి తట్టు. అంటే మధ్యాన్నం అన్నానికి ఓడెక్కి పోవల్ల.” గల్లాపెట్టె దగ్గరున్న తమ్ముడిని కేకేసి, ఇల్లు ఈ పక్కకి మార్చేది మంచిదని చెప్పాడు. తమ్ముడు తలెత్తకుండా, ఈ పక్క బాడుగలు ఎక్కువన్నాడు. నేను రెండు లుంగీలు తీసుకుని రేటు తగ్గించమని అడిగాను. తగ్గించలేదు.